దయ్యం మన వల్లకాట్లోనే ఎందుకుంటది?



మా ఊరి మాలమాదిగల వల్లకాట్లో దయ్యం మళ్లీ లేచింది. పదిహేనేళ్లుగా దాని ఊసే లేదు. ఇప్పుడు తెల్లకోక కట్టుకొని, జుట్టు విరబోసుకొని, గట్టుమీది తుమ్మచెట్టు కింద నిలబడి దారినపోయేవాళ్లను మంచినీళ్లు అడుగుతోందట.

ఎవరు చూశారు? పాలకేంద్రం కాడ అడిగితే ఫలానావాడు చూశాడంటారు. ఆ ఫలానావాడి దగ్గరికి పోతే "నేను కాదు మేష్టారూ, మా బావమరిది చూశాడంట" అంటాడు. బావమరిది ఇంకొకర్ని చూపిస్తాడు. బడి వదిలాక నాలుగు సాయంత్రాలు ఈ ఫలానావాళ్ల వెంటబడి తిరిగాను. కళ్లతో చూసినవాడు ఒక్కడూ దొరకలేదు. కాకపోతే ఆ కథ తాడు పట్టుకొని వెనక్కి పోగా పోగా, తాడు కొస వల్లకాటి తూర్పుగట్టు పక్కన పొలమున్న కామందు గారి ట్రాక్టరు షెడ్డులో తేలింది.

దయ్యం ఏనాడు లేచిందో కూడా చెబుతాను. వల్లకాడు కొలిచి హద్దురాళ్లు వెయ్యమని మన కుర్రాళ్లు మండలాఫీసులో అర్జీ ఇచ్చి వచ్చారు. సరిగ్గా వారం తిరక్కుండా లేచింది. పదిహేనేళ్లు హాయిగా నిద్రపోయిన దయ్యానికి అర్జీ సంగతి ఎవరు చేరవేశారో!

మా వల్లకాడు ఊరి పాత రికార్డులో శ్మశాన పోరంబోకు. ఎకరం డెబ్బై సెంట్లు. నేనూ మరో ఇద్దరమూ తాడు పట్టి కొలిస్తే తొంభై సెంట్లకు మించి లేదు. మిగతా ఎనభై సెంట్లు ఎటు పోయింది? తూర్పుగట్టు ఏడాదికి జానెడో మూరెడో లోపలికి జరుగుతూ వచ్చింది. పాత గుంటల మీద ఇప్పుడు వరి మొలుస్తోంది. దిబ్బమట్టి ట్రక్కులకెక్కి పోయింది. ఇదంతా పట్టపగలు జరిగే పని కాదు. రాత్రిపూట జరిగే పనికి రాత్రిపూట అటువైపు మనుషులు తిరక్కూడదు. కాపలావాణ్ణి పెట్టుకుంటే జీతమివ్వాలి. దయ్యాన్ని పెట్టుకుంటే పైసా ఖర్చు లేదు.

నష్టం భూమి ఒక్కటే అయితే ఇంత గొంతు చించుకోనక్కర్లేదు. హైస్కూలుకు పోయే డొంకదారి వల్లకాటి పక్కనుంచే పోతుంది. పదో తరగతి ఆడపిల్లలు సాయంత్రం చదువుకు ఆగి, చీకటి పడ్డాక గుంపుగా నడిచొచ్చేవాళ్లు. తొమ్మిదిమంది ఆగేవాళ్లు. దయ్యం లేచాక ఇద్దరే ఆగుతున్నారు. తల్లులు వద్దంటున్నారు. పరీక్షలు దగ్గర కొస్తున్నాయి. ఈ దయ్యం ఎవరి రక్తం తాగుతోందో చూశారా?

ఊరి పెద్దకులాల శ్మశానం కాలవ అవతల ఉంది. ఒకసారి పోయి చూడండి. రేకుల షెడ్డు, కూర్చునేందుకు సిమెంటు బల్లలు, బోరింగు, కరెంటు దీపాలు, పూలమొక్కలు, ఇనపగేటు, గేటు మీద దాత పేరు. అక్కడా చచ్చిన మనుషుల్నే గదా కాల్చేది! వాళ్లలో పురుగుమందు తాగి చచ్చినవాళ్లు లేరా? కట్నం కాడ చచ్చిన కోడళ్లు లేరా? ఆస్తి తగాదాల్లో అన్నదమ్ములు పొడుచుకొని చచ్చినవాళ్లు లేరా? అర్ధాయుష్షుతో పోయినవాళ్లే దయ్యాలయ్యేటట్టయితే ఆ షెడ్డు కింద కాలు పెట్టడానికి చోటుండకూడదు. ఒక్క దయ్యమూ లేదు! వాళ్లు చస్తే స్వర్గానికి, మనం చస్తే తుమ్మచెట్టుకు. బతికున్నన్నాళ్లు ఊరి బయట, చచ్చాక చెట్టు మీద. మనువు గీసిన గీత పాడె దగ్గర కూడా ఆగలేదన్నమాట.

(తెలంగాణలో 2019 నుంచి పల్లెప్రగతి కింద ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. పేరు గొప్పగానే ఉంది. ఆ గేటులోంచి వాడ శవం లోపలికి పోతోందా, పాత బొందలగడ్డకే పోతోందా అన్నది అక్కడి మిత్రులు తమ తమ ఊళ్లలో చూసి రాయాలి.)

ఇక మన హేతువాద మిత్రుల సంగతి. వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. వాళ్ల పుస్తకాలు చదివే నేను తాయెత్తు తెంచేశాను. అయితే వాళ్లొచ్చి ఏం చేస్తారు? అమావాస్య రాత్రి వల్లకాట్లో కూర్చొని ఉప్మా తిని, తెల్లారి లేచి "చూశారా, దయ్యం లేదు" అని ఫొటో దిగి బస్సెక్కుతారు. 2018 జూన్‌లో పాలకొల్లు ఎమ్మెల్యే నిమ్మల రామానాయుడు గారు కూడా శ్మశానంలో మంచం వేయించుకొని పడుకున్నారు. శ్మశానం బాగుచేసే పనివాళ్లు దయ్యాల భయంతో పనిలోకి రావట్లేదని ఆ పని చేశారు. దోమలు తప్ప ఏవీ రాలేదన్నారు. మంచి పనే. పనివాళ్లకు ధైర్యం వచ్చింది. కర్ణాటకలో సతీష్ జార్కిహోళి గారు బాబాసాహెబ్ పరినిర్వాణం రోజైన డిసెంబరు 6న బెళగావి శ్మశానంలో వేలమందితో సభ పెట్టి, అక్కడే భోజనాలు పెట్టి, రాత్రి అక్కడే ఉండటం 2014 నుంచి నడుపుతున్నారు. అదీ మంచిదే.

కానీ నేనడిగేది వేరు. దయ్యం ఉందా లేదా అన్నది కాదు. లేదు. అది మూడో తరగతి పిల్లవాడికి చెప్పాల్సిన సంగతి. ఆ లేని దయ్యాన్ని ఎవరు మేపుతున్నారు, ఎందుకు మేపుతున్నారు, అది మన వల్లకాట్లోనే ఎందుకుంది? ఈ ప్రశ్న ఉప్మా తిని బస్సెక్కితే తేలేది కాదు.

నేను బడిలో చెప్పేది సామాన్యశాస్త్రం గాబట్టి ఇంకో ముక్క. వల్లకాట్లో కొరివిదయ్యం మంటలు కనిపిస్తాయంటే, ఎముకల్లో భాస్వరం గాలికి అంటుకొని మండుతుందని మన సైన్సు మేష్టర్లం చటుక్కున చెప్పేస్తాం. నేనూ పదేళ్లు అదే చెప్పాను. ఎముకలో ఉండేది కాల్షియంతో కలిసిన ఫాస్ఫేటు. అది దానంతటది మండదు. మండేటట్టయితే కబేళాలన్నీ రాత్రిపూట దీపావళిలా వెలిగేవి. మా వల్లకాట్లో కనిపించిన మంటల సంగతి నేను కనుక్కున్నాను. ట్రాక్టరుకు ముందు రెండు దీపాలుంటాయి గదా, అవి!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పాలా వద్దా అని చాలారోజులు ఆలోచించాను. మా ఇంటి సంగతి గనక.

ఆ తెల్లకోక దయ్యం మా తాత చెల్లెలు.

మా మామ్మ పోయే ముందు ఏడు ఈ మాట చెప్పింది. అంతవరకు నోరు విప్పలేదు. ప్రకాశం బ్యారేజీ కట్టిన కొత్తల్లో, అంటే 1957 తర్వాత ఒకటి రెండేళ్లకు, ఆ పిల్ల కామందు ఇంట్లో గొడ్లసావిడి పనికి పోయేది. పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. పెళ్లి కాలేదు. ఒకరోజు తెల్లారేసరికి కామందు దొడ్లో బావిలో తేలింది. కడుపుతో ఉందని శవానికి నీళ్లు పోసిన ఆడాళ్లకు తెలిసింది. ఆడాళ్ల నోళ్లు మూయించారు. నీళ్లు తోడుతూ కాలు జారి పడిందని గ్రామ మునసబు రాశాడు. పోలీసులకు కబురు పెట్టాల్సింది ఆయనే, చావులు దస్తరంలో ఎక్కించాల్సిందీ ఆయనే. ఆయన ఎవరి అరుగు మీద కూర్చునేవాడో చెప్పనక్కర్లేదు. పొద్దెక్కకముందే పాతిపెట్టించారు.

ఒక్క ప్రశ్న అడుగుతాను, జవాబు చెప్పండి. ఆ బావిని మాలమాదిగలు ముట్టుకోకూడదు. చేదకాదు గదా, గిలకనీడలోకి కూడా రానిచ్చేవాళ్లు కాదు. దాహమేస్తే దూరంగా నిలబడి దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్లు. దగ్గరికే రానివ్వని బావిలో నీళ్లు తోడుతూ ఆ పిల్ల ఎట్లా కాలు జారింది?

ఈ ప్రశ్న ఆనాడు ఎవరూ అడగలేదు. అడిగే నోరు మా తాతకు లేదు. ఆయన ఆ కామందు దగ్గరే పాలేరు. నెల తిరిగేసరికి ఆ పిల్ల దయ్యమైంది. నీళ్లడుగుతోందన్నారు. రాత్రి ఎవరూ అటు పోకండన్నారు. ఎవరి చేతిలో చచ్చిందన్న మాట పోయి, ఎవర్ని పట్టుకుంటుందన్న మాట వచ్చింది. కేసు కావాల్సింది కథయింది. చంపినవాణ్ణి చూసి ఊరు భయపడాల్సింది పోయి, చచ్చినదాన్ని చూసి భయపడింది. మా ఇంట్లో కూడా మా అత్తలు చీకటి పడితే ఆమె పేరు ఎత్తేవాళ్లు కాదు. సొంత రక్తాన్ని చూసి మేమే జడుసుకున్నాం. ఇంతకంటే దారుణం ఏముంటది?

మీ ఊరి దయ్యం కథ కూడా ఒకసారి విప్పి చూడండి. చూలింత దయ్యం, ఉరేసుకున్న పిల్ల దయ్యం, కల్లంలో చచ్చిన పాలేరు దయ్యం. దయ్యాలన్నీ మన కులాలవే ఎందుకైనాయి? ఎఫ్.ఐ.ఆర్. రాయని చోటల్లా దయ్యం కథ రాసి పెట్టారు.

చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని నరికి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అప్పుడు నేను చిన్నపిల్లవాణ్ణి. మా నాయన రేడియో పక్కన కూర్చొని అన్నం ముట్టలేదు. ఆ శవాలు దొరకకపోతే, దొరికినా చప్పుడు కాకుండా వల్లకాటికి చేరితే, ఈపాటికి ఆ కాలవగట్టు మీద ఎనిమిది దయ్యాలు తిరుగుతుండేవి. చుండూరు దళితులు అట్లా కానివ్వలేదు. అమరుల్ని అందరూ చూస్తుండగా పాతిపెట్టి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. మా ఊళ్లోనే కోర్టు పెట్టాలని కొట్లాడి సాధించారు. 2007 జూలై 31న ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. దాని మీద సుప్రీంకోర్టుకు పోవాల్సి వచ్చింది. మరి ఆ ఎనిమిదిమందిని నరికిందెవరు? హైకోర్టు కాగితం చదివితే ఎవరూ కాదు. దయ్యాలు నరికాయేమో! అయినా ఆ సమాధుల దగ్గర రాత్రిపూట నిలబడటానికి ఎవరూ జడుసుకోరు. చచ్చినవాళ్ల పేర్లు తెలుసు, చంపిందెవరో ఊరికి తెలుసు. పేరున్న చావు దయ్యం కాలేదు.

మా తాత సంగతి చెప్పాలి. పాలేరుతనంతో పాటు చావు కబురు మోయడం ఆయనకు వంతు. ఊళ్లో ఏ పెద్దింట్లో ప్రాణం పోయినా, అర్ధరాత్రయినా అపరాత్రయినా, చుట్టాల ఊళ్లకు నడిచిపోయి కబురు చెప్పాలి. చేతిలో కర్ర, చెవిలో చుట్ట. దారిలో ఎన్ని వల్లకాళ్లు! డప్పు కొట్టేది మనవాళ్లు, గుంట తవ్వేది మనవాళ్లు, కట్టెలు పేర్చేది, కాష్టం కాలేదాకా కావలుండేది మనవాళ్లు. దయ్యాలుంటే ముందు మా తాతను పట్టుకోవాలి. ఆయన పడుకునేదే కాటి దగ్గర. వాళ్ల శవానికి కావలున్నప్పుడు మనల్ని పట్టని దయ్యం, మన భూమికి మనం కావలుంటామంటే పట్టుకుంటుందా?

సత్యహరిశ్చంద్ర నాటకం చూడని పల్లె మన జిల్లాల్లో లేదు. కాటిసీను వచ్చేసరికి పెద్దకులాల ఆడామగా కళ్లొత్తుకుంటారు. వన్సుమోరంటారు. ఎందుకేడుస్తారు? ఒక క్షత్రియుడు కాటికాపరి అయ్యాడని. వీరబాహుడి దగ్గర నౌకరీ చెయ్యాల్సి వచ్చిందని. ఆ కాటికాపరిపని తరతరాలుగా చేసిన మా తాత కోసం ఒక్క చుక్క రాల్చిన కన్ను ఆ ఊళ్లో లేదు. రాజు నాలుగునాళ్లు చేస్తే త్యాగం, మాదిగోడు పుట్టిందగ్గర్నుంచి చేస్తే కులధర్మం! ఇంకా విచిత్రం చూడండి. ఆ సీనులో నటులు రాగాలు తీసి పాడే శ్మశానం పద్యాలు గుర్రం జాషువా గారివి. 1895లో వినుకొండలో మాదిగతల్లి కడుపున పుట్టిన మనవాడివి. బతికున్నప్పుడు ఆయన్ని పంక్తిలో కూర్చోనివ్వని ఊళ్లు, ఆయన పద్యాలకు ఈలలు వేసి పదిరూపాయల నోట్లు గుచ్చాయి. మన మాట కావాలి, మన డప్పు కావాలి, మన భుజం కావాలి. మనల్ని పాతిపెట్టడానికి మాత్రం తొంభై సెంట్లు ఎక్కువైంది.

దారి సంగతి. ఇది డెల్టాలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మెరకప్రాంతం మిత్రులు కూడా వినండి. నాట్లు పడ్డాక మా వల్లకాటికి దారుండదు. రికార్డులో ఉన్న బండిదారి పొలంలో కలిసిపోయింది. శవాన్ని మోసుకొని అడుగు వెడల్పు గట్టు మీద నడవాలి. నలుగురు మోసే పాడె అడుగు గట్టు మీద ఎట్లా పోతుంది? ఇద్దరు గట్టు మీద, ఇద్దరు మోకాలిలోతు బురదలో. పాడె ఒరిగిపోతుంది. వెనక ఆడాళ్లు, పిల్లలు. "నారు తొక్కకండి" అని గట్టు చివర్న కామందు మనిషి అరుస్తుంటాడు. మా నాయన శవాన్ని అట్లాగే మోశాం. ఆగస్టు నెల. గుంట తవ్వుతుంటే నీళ్లూరాయి. బిందెలతో తోడితే మళ్లీ ఊరాయి. ఆఖరికి నీళ్లల్లోనే దించి పైన మట్టిపెళ్లలు వేసి తొక్కి పట్టుకున్నాం. ఎమ్మే చదివి బడిపంతులునయ్యాను. మా నాయన్ని పొడినేలలో పెట్టలేకపోయాను.

తమిళనాడులో వాణియంబాడి దగ్గర నారాయణపురంలో 2019 ఆగస్టులో ఏం జరిగింది? దారి పక్క పొలాలవాళ్లు పోనివ్వకపోతే దళితులు శవానికి తాళ్లు కట్టి వంతెన మీదనుంచి కిందికి దించుకున్నారు. ఆ వీడియో దేశమంతా చూసింది. మద్రాసు హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. మన గట్ల మీద పాడెలు ఒరిగిపోవడం ఎవరూ వీడియో తియ్యలేదు, అంతే తేడా.

మన తప్పులు కూడా ఒప్పుకుందాం. పిల్లకు జ్వరమొస్తే ఆసుపత్రికి కంటే ముందు భూతవైద్యుడి దగ్గరికి పోయేది మనమే. గుడి దయ్యాన్ని వదిలి చర్చికి పోయినవాళ్లం, అక్కడ కూడా దయ్యాలు వెళ్లగొట్టే కూటాలకు చందాలిస్తున్నాం. మళ్లీ మనమే సమాధుల పండుగనాడు, ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకొని పిల్లాపాపలతో అదే వల్లకాటికి పోతాం. సున్నాలు వేస్తాం, పూలు పెడతాం, పాటలు పాడతాం. ఆ రాత్రి ఏ దయ్యమూ కనపడదు. ఆ రాత్రి మనం వందమందిమి ఉంటాం గనక ట్రాక్టరు కూడా రాదు.

కిందటి వారం నుంచి కథ ఇంకో మలుపు తిరిగింది. దీని గురించే ఈ వ్యాసం ఇంత తొందరగా రాయాల్సి వచ్చింది. వల్లకాట్లో గుంటల మీద కలుపు పీకి, శుభ్రం చేసే ముసలమ్మ ఒకామె మా వాడలో ఉంది. కొడుకు పోయాడు, కొడుకు గుంట దగ్గర రోజూ కాసేపు కూర్చొని వస్తుంది. "దయ్యాన్ని లేపింది ఆమే, ఆమెకు చిల్లంగి వచ్చు" అని మొదలుపెట్టారు. దయ్యం దగ్గర మొదలైన మాట మనిషి దగ్గరికి చేరడానికి ఎన్నోరోజులు పట్టదు. చేతబడి అని, బాణామతి అని పళ్లూడగొట్టిన, చెట్టుకు కట్టి కొట్టిన, తగలబెట్టిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లో చదువుతూనే ఉన్నాం. అట్లా చచ్చినవాళ్లలో ఎక్కువమంది దిక్కులేనివాళ్లే.

చట్టం ఏం చెబుతోందో తెలుసుకొని ఉండండి. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం 1976లో పౌరహక్కుల రక్షణ చట్టంగా పేరు మారింది. అంటరానితనం కారణంగా శ్మశానం వాడుకోనివ్వకపోవడం, అక్కడికి పోనివ్వకపోవడం దాని 4వ సెక్షను కింద నేరం. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. శ్మశానం అందరితో సమానంగా వాడుకోకుండా అడ్డుకోవడం కూడా అందులో నేరమే. మంత్రగత్తె అని ఆరోపించి మన మనిషిని కొట్టినా, మనసుకు క్షోభ కలిగించినా అందులో శిక్ష ఉంది. శ్మశాన పోరంబోకు పంచాయతీ ఆధీనంలో ఉంటుందని 1994 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది, కామందు ఆధీనంలో అని చెప్పలేదు.

ఒక్క కిటుకు మాత్రం గమనించండి. అత్యాచారాల చట్టం వర్తించాలంటే ఆ పని చేసినవాడు ఎస్సీ, ఎస్టీ కానివాడై ఉండాలి. ముసలమ్మను మంత్రగత్తె అన్నది మనవాడే అయితే ఆ కేసు నిలవదు, మామూలు సెక్షన్ల కిందే పోవాలి. అందుకే ఆ మాట పుట్టించేది షెడ్డులో, అనిపించేది మన నోటితో. మందు పోయించి ఇద్దరు కుర్రాళ్లతో అనిపించారు. ఆ ఇద్దరూ నా దగ్గర చదువుకున్నవాళ్లే. వాళ్లింటికి పోయి కూర్చొని మాట్లాడాను. ఒకడు తలొంచుకున్నాడు. ఒకడు ఇంకా వినలేదు. రోజూ పోతాను.

ముసలమ్మను ఒంటరిగా వదలొద్దని ఆడాళ్లు వంతులేసుకున్నారు. ఆమె వల్లకాటికి పోయేటప్పుడు ఇద్దరు కూడా పోతున్నారు. స్టడీ అయ్యాక ఆడపిల్లల్ని తీసుకురావడానికి తండ్రులు టార్చిలైట్లతో ఎదురెళ్తున్నారు. నిన్నటికి మళ్లీ అయిదుగురు ఆగారు.

సర్వేయరు వచ్చే తేదీ తెలియగానే చుట్టుపక్కల పల్లెలకు కబురు పెడతాం. పొలంపటం నకలు, పాత అడంగలు నకలు మా దగ్గర ఉన్నాయి. మీ ఊరి వల్లకాటివి కూడా తీయించి ఉంచుకోండి, దరఖాస్తు రాయడం రాకపోతే ఆదివారం మా ఇంటికి రండి. మా తాత చెల్లెలి గుంట పాత తూర్పుహద్దు మీది వేపమొద్దుకు పది అడుగులు ఇవతల ఉందని మామ్మ గుర్తు చెప్పింది. మొద్దు ఇంకా ఉంది. ఆ పది అడుగుల్లో ఇప్పుడు వరి వెన్ను తీసింది. కొలత ముందు అక్కణ్నుంచే మొదలెట్టమని అడుగుతాం.